గూడున్న గోడ

మా ఇల్లు ఛత్రినాకలో ఒక సన్నని గల్లీలో ఉంది. ఉంది అనడం కంటే ఇరుక్కుంది అనడం నిజానికి దగ్గర. కుడివైపు ఒకరి గోడ, ఎడమవైపు ఇంకొకరి గోడ. ఇద్దరు కూర్చునే బస్సు సీటు మీద మూడోవాడిలా మధ్యలో మేము సర్దుకున్నాం. వెనక చిన్న పెరడు ఉండేది. అవతలి ఇంటివాళ్లు అంతస్తు మీద అంతస్తు లేపాక అది పెరడు కాకుండా పోయి, నీళ్లు లేని బావి అయింది. అందుకని ఈ ఇంటికి ఏం మరమ్మతు చేసుకున్నా ఉన్న జాగాలోనే చేసుకోవాలి. జానెడు కూడా అటూ ఇటూ జరిగే వీలు లేదు. మా ఇంట్లో పెరగడానికి అవకాశం ఉన్నది నా పొట్ట ఒక్కటే, అది ఆ అవకాశాన్ని బాగా వాడుకుంది.

గల్లీ వైపు ముందు గది, దాని వెనక వంటిల్లు. రెండింటి మధ్య మా నాయన కట్టించిన రాతి గోడ, సున్నంతో కట్టినది, మూరెడు మందం. ఆ గోడలో నడుము ఎత్తున ఒక గూడు ఉండేది. మామూలు గూళ్లకు వెనక మూసి ఉంటుంది. దీనికి రెండు వైపులా తెరిచే ఉండేది. కరెంటు లేని కాలంలో ఒకే దీపం పెడితే అటు వంటకూ ఇటు మాటకూ వెలుతురు రావాలని నాయన అలా పెట్టించాడట. కరెంటు వచ్చింది, దీపం పోయింది, గూడు మిగిలింది. దీపం ఖాళీ చేసిన చోటికి చాయ్ వచ్చి చేరింది.

ఆ చాయ్ మా అన్న కోసం. నాకంటే చాలా పెద్దవాడు. నాయన పోయాక నా పెళ్లి చేసింది ఆయనే. కార్వాన్‌లో గోనె సంచుల దుకాణం. ఇల్లు మాకు రెండు గల్లీల అవతల. రోజూ పొద్దున దుకాణం తెరిచే ముందు మా ఇంటికి వచ్చి, ముందు గదిలో గోడ పక్క కుర్చీలో కూర్చుని, చాయ్ తాగి వెళ్లేవాడు.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. తమ్ముడి భార్య తన భర్త అన్న ఎదుటికి రాదు. ఆయన ఉన్న గదిలో కూర్చోదు, ఆయనతో సూటిగా మాట్లాడదు. ఎదురుపడక తప్పకపోతే కొంగు తల మీదికి లాక్కుని పక్కకు తప్పుకుంటుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, ఎందుకని ఎవరూ అడగరు. పెళ్లిళ్లలో, చావుల్లో మా ఆవిడ అన్నను ఓరకంట చూసే ఉంటుంది. నిండుగా మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆయన చెప్పుల చప్పుడు తెలుసు, దగ్గు తెలుసు, గొంతు తెలుసు. అంతే.

గొంతు మాత్రం బాగా తెలుసు. ఎందుకంటే సూటిగా మాట్లాడకూడదన్నారు కానీ గోడకు అటు నుంచి నాకు చెప్తున్నట్టు మాట్లాడకూడదని ఎవరూ అనలేదు. పెళ్లయిన కొత్తలో ఎప్పుడో మొదలైంది అది.

అన్న వస్తూ వస్తూ మార్కెట్లో పుదీనా కట్ట కొనుక్కొచ్చి గూట్లో పెట్టేవాడు. అటు నుంచి గాజుల చెయ్యి వచ్చి కట్ట తీసుకునేది. తర్వాత గొంతు.

"మీ అన్న పుదీనా తెచ్చిండ్రా, గడ్డి తెచ్చిండ్రా అడుగుండ్రి."

"బర్రెలకు తెచ్చిన. అవి తినంగ మిగిలితే ఇచ్చిన అని చెప్పురా," అనేవాడు అన్న.

"బర్రెలు కూడ వాసన జూసి పక్కకు జరిగినయంట, చెప్పుండ్రి."

"అవి తెలివైన బర్రెలు. వాటికి వండిపెట్టే బాధ లేదని చెప్పు."

నేను ఏమీ చెప్పేవాడిని కాదు. నేను పోస్టు డబ్బాను, ఉత్తరాలు నాలో పడకముందే చేరిపోయేవి. చాలాసార్లు నేను అక్కడ ఉండేవాడిని కూడా కాదు. వెనక నల్లా దగ్గర గడ్డం గీసుకుంటుంటే "చెప్పుండ్రి," "చెప్పురా" అని రెండు గొంతులు లేని నాతో మాట్లాడుతూ ఉండేవి. ఇద్దరు మనుషుల మధ్య ఇంత ముఖ్యమైన ఉద్యోగం చేస్తూ ఇంత తక్కువ పని చేసినవాడు ఈ నగరంలో ఇంకొకడు ఉండడు.

అన్నకు కప్పు సాసరులో తాగడం అలవాటు. చాయ్‌ని సాసరులో ఒంపుకునేటప్పుడు రెండూ ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. ఈ మధ్య కొన్నేళ్లుగా ఆ గలగల ఎక్కువైంది. ఒకరోజు గోడ అటు నుంచి ఆవిడ అంది.

"మీ అన్న భజన షురూ చేసిండ్రేంది? తాళం మంచిగనే పడుతున్నది."

అన్న ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఆయన చెయ్యి వణుకుతోంది, సాసరు అందుకే మోగుతోంది. నేను నోరు తెరవబోయాను. ఆయన కళ్లతోనే వద్దన్నాడు. ఆ వెంటనే గొంతు పెంచి, "మంగళారతి అయినంక ప్రసాదం పంచుతనని చెప్పురా," అన్నాడు. అటు నుంచి నవ్వు. ఆ రోజు నుంచి సాసరు మోగినప్పుడల్లా భజన ముచ్చటే. ఆ ముచ్చట అంటే ఆయనకు చాలా ఇష్టమని నాకు అర్థమైంది. నేను నోరు మూసుకున్నాను.

వదిన పోయాక ఆయనకు ఆ కాసేపే మిగిలింది. ఇంట్లో కొడుకూ కోడలూ ఆయన లేచేసరికే డ్యూటీలకు వెళ్లిపోతారు. దుకాణంలో సంచి సైజు, సంచి ధర తప్ప నోట మాట రాదు. శుభకార్యాలకు వస్తే ఒక మూల కుర్చీలో కూర్చుని, తిని, వెళ్లిపోతాడు. ఆయనలో చమత్కారం ఉందని ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిసింది మా ఇంటి గోడకే. ఆయన రోజు మొత్తంలో మాట్లాడవలసిన మాటలన్నీ ఆ గూటి పక్కనే అయిపోయేవి.

ఇక మా వంటిల్లు. పెరడు బావి అయ్యాక వంటింట్లో పగలే బల్బు వెలిగించాలి. తాలింపు పొగ పోవడానికి దారి లేదు. మా ఆవిడ కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. బియ్యం చేటలో పోసుకుని వాకిట్లోకి వెళ్లి గల్లీ వెలుతురులో రాళ్లు ఏరుకునేది. వెలుతురు రావాలంటే ఒకటే దారి. ముందు గది నుంచే రావాలి. అంటే మధ్య గోడ తీసేయాలి. గోడ పోతే వంటిల్లూ ముందు గదీ కలిసి ఒకటే హాలు అవుతుంది.

నేను పెళ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్సులో పనిచేస్తాను. రెండు కుటుంబాల మధ్య అడ్డు తీసేసే అక్షరాలు కూర్చడం నా వృత్తి. గోడ తీయడం నాకు పెద్ద విషయంగా తోచలేదు. మిగిలిపోయిన నమూనా పత్రికల వెనక బొమ్మ గీశాను. పొయ్యి ఇక్కడ, గట్టు ఇక్కడ, సింకు కిటికీ పక్కన, ఇటువైపు కుర్చీలు. టేపు పెట్టి అన్నీ కొలిచాను. కొలతలన్నీ సరిగ్గా కుదిరాయి. కలతలు కొలిచే టేపు నా దగ్గర లేదు.

అన్నను అడగకుండా చేయలేదు. గోడ మా నాయనది, అంటే ఆయనది కూడా.

"తీసెయ్‌రా. వెలుతురొస్తది," అన్నాడు. "పొయ్యి కాడ మనిషికి కండ్లు గనవడకుంటె ఎట్ల? మొన్న ఉప్మాల జీలకర్ర అనుకొని ఏమేసిందో అడుగు."

"ఆవాలేసిన. మీ అన్న నాలిక మొద్దువారింది అని చెప్పుండ్రి," అంది గోడ.

ముగ్గురం నవ్వుకున్నాం. గోడ తీసేద్దామన్న మాట కూడా ఆ గోడ సాయంతోనే మాట్లాడుకున్నామని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. గోడ మాకు గోడగానే కనిపించింది. రాయి, సున్నం, చోటు దండగ.

మేస్త్రి వచ్చి గోడ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి చూశాడు.

"ఫికర్ జెయ్యకు సాబ్. ఇది తీస్తే ఇల్లంత ఖుల్లా ఐతది. చూసినోల్లు ఫంక్షన్ హాలు అనుకుంటరు. కిరాయికి గూడ ఇయ్యొచ్చు."

"ఎన్ని రోజులైతది?"

"బోనాలకు ముందుగాల ఇస్త. పండుగ లోపల కాకపోతే నన్ను అడుగు."

పండుగ లోపల కాలేదు. అడిగితే, ఏ పండుగో తాను చెప్పలేదన్నాడు. ఆ రోజుల్లో మేము పైన పడుకునే గదిలో స్టవ్ పెట్టుకుని, మంచం కింద పప్పులు, మంచం మీద గిన్నెలు, మధ్యలో మేము అన్నట్టు బతికాం. ఇల్లంతా సున్నపు దుమ్ము. అన్నకు దుమ్ము పడదు, దగ్గు వస్తుంది. "అయినంక వస్త," అని ఆగిపోయాడు. మేస్త్రి మనుషులు గూడున్న చోట మొదటి దెబ్బ వేశారు, అక్కడ సులువుగా పగులుతుందని. లోపల ఇంకా పాత దీపపు మసి నల్లగా ఉంది.

అన్నీ అయ్యాక చూస్తే ఇల్లు నిజంగానే ఇంకో ఇల్లులా ఉంది. నల్ల గ్రానైట్ గట్టు, తెల్ల టైల్స్, పొగ లాక్కునే చిమ్నీ. గల్లీ నుంచి పొద్దుటి ఎండ తిన్నగా వచ్చి పొయ్యి మీద పడింది. మా ఆవిడ గట్టు మీద చేట పెట్టుకుని, నిలబడి, కందిపప్పు ఏరింది. కాసేపు ఏరి, ఆపి, మళ్లీ అదే పప్పు ఏరింది. "ఇంత దినం ఎన్ని రాళ్లు తిన్నమో ఏమో," అంది. ఆ ముఖంలో సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ సంతోషం అబద్ధం కాదు. దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మర్నాడు పొద్దున అన్న వచ్చాడు.

చేతిలో పుదీనా కట్ట. గడప దాటి రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఎదురుగా పొయ్యి, పొయ్యి దగ్గర మా ఆవిడ. ఆవిడ చటుక్కున కొంగు లాక్కుని గోడ వైపు తిరిగింది. ఇల్లు మొత్తంలో తిరగడానికి మిగిలిన గోడ అదొక్కటే. అన్న పుదీనా పెట్టడానికి గూటి వైపు చెయ్యి చాపాడు. గూడు ఉండే చోట గాలి ఉంది. చెయ్యి అలాగే కాసేపు ఉండిపోయింది. నేను వెళ్లి కట్ట తీసుకున్నాను.

ఆయన కుర్చీని గల్లీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. నేను చాయ్ తీసుకెళ్లి ఇచ్చాను. పుదీనాను ఎవరూ గడ్డి అనలేదు. నేను, ఇన్నేళ్లు ఉత్తి డబ్బాగా ఉన్నవాడిని, మొదటిసారి ఏదైనా అనవలసి వచ్చింది. "టైల్స్ ఎట్లున్నయి అన్నా?" అన్నాను.

"మంచిగున్నయి," అన్నాడు.

కప్పులోంచి సాసరులోకి ఒంపుకున్నాడు. సాసరు మోగింది. ఆ మోతకు అలవాటుగా, నవ్వడానికి సిద్ధంగా, మా ఆవిడ కొంగు చాటు నుంచి ఇటు చూసింది.

చాయ్ సగం సాసరులో పడింది, సగం ఆయన తెల్ల చొక్కా మీద పడింది. ఆయన ఎడమ చేత్తో కుడి మణికట్టును పట్టుకుని, ఆ చెయ్యిని ఆపుకుని, తల వంచి సాసరును పెదవుల దాకా కాదు, పెదవులనే సాసరు దాకా తెచ్చుకున్నాడు. మెడ మీద చర్మం వేలాడుతోంది. మా పెళ్లిలో పందిరంతా తిరిగి పనులు పురమాయించిన మనిషి గొంతు వెనక, ఇంత ముసలాయన కూర్చుని ఉన్నాడని ఆవిడకు ఆ రోజు తెలిసింది.

ఆయన వెళ్లాక ఆవిడ పొయ్యి ఆర్పేసి కింద కూర్చుంది.

"అది తాళం గాదు," అంది.

నేను ఆయన కుర్చీ పక్కకు జరుపుతున్నాను.

"ఎన్నేండ్ల సంది గట్ల వణుకుతున్నది? నేను భజన అని నవ్వుకుంట ఉన్న. మీకు తెలుసా?"

"తెలుసు. అన్నే చెప్పొద్దన్నడు."

"ఎందుకు?"

"నువ్వు నవ్వుడు ఆపుతవని."

చెప్పాక నాకు అర్థమైంది, ఆ మాట ఆమెకు ఊరట కాదని. ఆమె లేచి, ఆ కప్పూ సాసరూ కడిగి, తుడిచి, అన్నింటికంటే మీది అరలో వెనక్కి పెట్టింది.

ఆ తర్వాత కొన్ని రోజులు అన్న వచ్చాడు. గల్లీ వైపు చూస్తూ తాగి వెళ్లిపోయేవాడు. మేము మధ్యలో పూల పర్దా ఒకటి కట్టాం. పర్దా వెనక ఆవిడ నీడ కదిలేది. ఆ నీడను చూసి ఈయన, ఈయన గురించి తెలిసి ఆవిడ, ఇద్దరూ నోరు విప్పలేదు. తర్వాత ఆయన రావడం మానేశాడు. నేను ప్రెస్సు నుంచి వస్తూ కార్వాన్ వెళ్లాను. దుకాణంలో సంచుల మధ్య ఇంకో సంచిలా కూర్చుని ఉన్నాడు.

"వస్తలెవ్వేంది అన్నా?"

"మోకాలు రా తమ్మి."

"దుకాణం దాక వస్తున్నది గద మోకాలు. మా గల్లీ తెల్వదా దానికి?"

కొంచెం నవ్వాడు. "ఆడ కూసుంటె నడి రోడ్డు మీద కూసున్నట్టుంటది రా. ఆమె కొంగు జూసుకుంటదా, తాలింపు జూసుకుంటదా? వంట జేసే మనిషిని ఎందుకు సతాయించుడు."

"పర్దా కట్టినం గద."

"పర్దా గాలికి లేస్తది. గోడ లెవ్వదు."

"ఐతె మల్ల కట్టిస్త."

"పాగల్ గానివా? పొయ్యి కాడ వెలుతురొచ్చింది. ఆమె కండ్లు మంచిగుండాలె. నా ముచ్చట్లకేమున్నది, ముసలోని ముచ్చట్లు." ఆ మాట ఆయన నోట అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. గోడ ఇటువైపు ఉన్నంతకాలం ఆయన ముసలివాడు కాడు.

ఇంటికి వచ్చి ఆ మాటలు చెప్పాను. ఈసారి మాత్రం పోస్టు డబ్బా పని చేసింది. మా ఆవిడ చాలాసేపు గట్టు తుడుస్తూనే ఉంది. తర్వాత అంది.

"కట్టియ్యుండ్రి. నాకు బల్బున్నది. ఆయనకేమున్నది?"

మేస్త్రి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"తియ్యమంటిరి, తీసిన. మల్ల పెట్టుమంటరా? పెండ్లి కార్డుల తప్పు పడ్డట్టనుకున్నవా భాయ్, చెరిపి మల్ల అచ్చెయ్యనీకి?"

"గూడు గూడ పెట్టాలె. అటు ఇటు ఖుల్లా."

"ఖుల్లా ఉంటె అది గూడెట్లయితది, కిటికీ అయితది."

"కిటికీ అన్న అనుకో. నడుమంత ఎత్తుల పెట్టు."

రాతి గోడ రాలేదు, ఇటుక గోడ వచ్చింది. పాతదానిలో సగం మందం కూడా లేదు. గూడు చతురస్రంగా, అంచులు నున్నగా, టైల్స్ వేసి మెరుస్తోంది. వెలుతురు వచ్చిన దారినే పోయింది. చిమ్నీ ఉన్నందుకు పొగ లేదు కానీ బల్బు మళ్లీ పగలే వెలిగింది. హాలు కావాలని మొదలుపెట్టి, బేహాలై, ఎక్కడ బయలుదేరామో అక్కడికే వచ్చామనుకున్నాను. అక్కడికి కూడా రాలేదు.

నేను వెళ్లి అన్నను పిలుచుకొచ్చాను. ఆయన గోడను చూసి, "ఎందుకురా గిదంత," అని కసిరాడు కానీ, కుర్చీని తిప్పి పాత చోటే వేసుకున్నాడు. జాగ్రత్తగా, కొత్త గూట్లో పుదీనా కట్ట పెట్టాడు. ఈసారి కావాలనే ముదురుది ఏరుకొచ్చాడని చూడగానే తెలిసింది. కాడలు పుల్లల్లా ఉన్నాయి.

గాజుల చెయ్యి వచ్చింది. కట్ట తీసుకుంది. తర్వాత గొంతు.

"మీ అన్నకు చెప్పుండ్రి, పుదీనా మంచిగున్నది అని."

అన్న నా వైపు చూశాడు. నేను గడప వైపు చూశాను.

గూట్లోకి చాయ్ వచ్చింది. కప్పు సాసరు కాదు. వెడల్పు స్టీల్ గ్లాసు, సగం వరకే పోసి ఉంది. ఒలకదు, మోగదు. దాన్ని తీసుకోకుండా ఆయన కాసేపు చూస్తూ ఉండిపోయాడు. ఆవిడకు ఏం కనిపించిందో, ఎంత కనిపించిందో ఆ సగం గ్లాసులో రాసి ఉంది.

"ఏంరా, సాసర్లు పగిలినయా ఇంట్ల?" అని అడిగాడు, గోడకు వినబడేలా.

"గ్లాసైతె పట్టుకోనీకి అల్కగుంటది అని చెప్పుండ్రి," అంది లోపలి నుంచి. ఆ గొంతులో అంత మెత్తదనం నేను ఎప్పుడూ వినలేదు. ఆసుపత్రిలో మంచం పక్కన మాట్లాడినట్టుంది.

ఆయన గ్లాసు అందుకున్నాడు, రెండు గుక్కలు తాగాడు. తర్వాత వేలి ఉంగరంతో గ్లాసు మీద కొట్టాడు. ఒకసారి, ఇంకోసారి, తర్వాత తాళం వేసినట్టు వరసగా. కొడుతూ గూటి వైపు చెవి పెట్టి, నోటి చివర్లో నవ్వు పట్టుకుని, ఎదురుచూశాడు.

లోపల నల్లా తిప్పిన చప్పుడైంది. గిన్నెలో నీళ్లు పడుతున్నాయి. గిన్నె నిండిన తర్వాత కూడా పడుతూనే ఉన్నాయి.

ఆయన ఉంగరం ఆపి, మిగతా చాయ్ తాగి, గ్లాసు గూట్లో పెట్టి లేచాడు.

"గల్లీల తడి ఉన్నది. పైలంగ పొమ్మనుండ్రి," అంది గోడ.

"పోతా పోతా," అన్నాడు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ నా భుజం పట్టుకుని, గొంతు తగ్గించి, "గోడ మంచిగ కట్టిండు రా మేస్త్రి," అన్నాడు.

ఇప్పుడు కూడా వస్తాడు, రోజూ కాదు. గోడ మళ్లీ వచ్చింది. మా గోడు మాత్రం అది వినడం లేదు. పుదీనా కట్ట గూట్లో పెట్టడం ఆయన మానలేదు. రోజురోజుకూ ఇంకా ముదురుది తెస్తున్నాడు, ఒక్కొక్కసారి సగం వాడిపోయింది కూడా. మా ఆవిడ ఆ కాడల్లోంచి లేత ఆకులు వెతుక్కుని, బల్బు కింద ఒక్కొక్కటే ఏరుకుంటుంది. ఎంత ముదిరినా గడ్డి అనదు.